అందరికీ ఒకే దస్తర్‌ఖాను
(మఖ్దూం మొహియుద్దీన్ జీవిత రేఖలు)

ప్రతి సంవత్సరమూ వార్షిక పరీక్షలకు ముందు మన కళాశాలలో వీడ్కోలు సభ జరుగుతుంది. చివరి సంవత్సరపు విద్యార్థులలో నాయకత్వ లక్షణాలు కలిగి, తోటివారిని కలుపుకొనిపోయిన ఒకరిని ఎన్నుకొని, శాలువా కప్పి సన్మానించడం ఆనవాయితీ. ఈ యేటి సభ ముగిసిన తరువాత మొదటి సంవత్సరపు విద్యార్థి ఒకడు నా దగ్గరకు వచ్చి, అటువంటి సన్మానం పొందాలంటే ఏ పుస్తకం చదవాలని అడిగాడు. మొదట నవ్వు వచ్చింది. ఇంటికి వెళ్ళిన తరువాత ఆలోచించగా అది నవ్వి వదలివేయదగిన ప్రశ్న కాదనిపించింది. నాయకత్వం నేర్పే పుస్తకం నా ఎరుకలో లేదు. కాని నాయకత్వం అంటే ఏమిటో తెలియజెప్పే జీవితం ఒకటి ఉన్నది. అది మఖ్దూం మొహియుద్దీన్ జీవితం.

మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థులకు మఖ్దూం గొప్ప కవిగా తెలుసు. తెలుగు చదివే విద్యార్థులకు తెలంగాణ రైతాంగ పోరాట నాయకులలో ఒకడుగా తెలుసు. ఒకే మనిషిని మనం రెండు సగాలుగా పంచుకొన్నాము. ముసల్మానునై యుండి తెలుగు పాఠం చెప్పుతున్నందుకు ఇరువైపుల వారి ఆశ్చర్యాన్నీ చవిచూచిన వాడిని కనుక, ఆ రెండు సగాలను ఒకచోట చేర్చి చూపాలనే కోరిక నాకు చాలకాలంగా ఉన్నది. ఆ కోరిక ఈ వ్యాసానికి రెండవ కారణం.

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4వ తేదీన మెదక్ జిల్లా ఆందోలులో జన్మించాడు. ఆందోలు నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. పూర్తి పేరు అబూ సయీద్ మొహమ్మద్ మఖ్దూం మొహియుద్దీన్ ఖుద్రీ. పేరు పొడవైనదే గాని ఇంట్లో కలిమి అంతంతమాత్రం. తండ్రి గౌస్ మొహియుద్దీన్ చిన్నతనంలోనే కన్నుమూశాడు. తల్లి పునర్వివాహం చేసుకొనగా, పినతండ్రి బషీరుద్దీన్ ఆ పసివానిని చేరదీసి పెంచాడు. అది నమాజు, ఖురాను పఠనం తప్పని ఇల్లు. మసీదు ఊడ్చడం, నమాజుకు వచ్చేవారి వజూ కొరకు నీళ్ళు తోడి పోయడం పిల్లవాని నిత్యకృత్యాలు. అందరి కాళ్ళు కడుక్కొనే నీళ్ళు తాను మోయడంలో చిన్నతనం లేదన్న సంగతి అతనికి అక్కడే అలవడి ఉంటుంది.

పినతండ్రికి వార్తాపత్రికలు చదివే అలవాటు ఉండేది. లోకంలో జరిగే విశేషాలు ఇంట్లో చెప్పేవాడు. 1917లో రష్యాలో విప్లవం వచ్చింది. అప్పటికి మఖ్దూం తొమ్మిదేళ్ళ బాలుడు. ఆ దేశంలో ఇక రాజులేడనీ, ధనికుడూ పేదవాడూ అన్న భేదం లేకుండా అందరూ ఒకే దస్తర్‌ఖాను మీద కూర్చుండి తింటారనీ పినతండ్రి చెప్పగా విని ఆ పిల్లవాడు విస్తుపోయాడట. అంతమందికి సరిపడే దస్తర్‌ఖాను ఎంత పెద్దదై ఉండాలి! పెద్దవాడైన తరువాత మఖ్దూం ఈ ముచ్చటను మిత్రులకు ఎన్నోసార్లు చెప్పుకొన్నాడు. ఆ దేశపు రాజ్యవ్యవస్థ తరువాత ఏమైనదో, 1991లో ఎట్లా కూలిపోయినదో మనకు తెలుసు. కాని ఆ పిల్లవాని మనస్సులో పరచిన దస్తర్‌ఖాను మాత్రం మడతపడలేదు. అతని జీవితమంతా ఆ బట్టను ఇంకాస్త పొడిగించే ప్రయత్నమే.

మెట్రిక్యులేషను ముగించుకొని పై చదువుకు హైదరాబాదు చేరేనాటికి మఖ్దూం జేబులో పైసలు లేవు. నగరంలో ఆదుకొనే పెద్ద చుట్టమూ లేడు. పిల్లలకు ట్యూషన్లు చెప్పాడు. సినిమా తారల బొమ్మలు తిరిగి అమ్మాడు. తలదాచుకొనడానికి చోటు లేని రోజులలో మసీదులో పడుకొన్నాడు. పూట గడవని రోజులూ ఉన్నాయి. ఈనాడు మహబూబాబాద్ వైపు తండాల నుండి, భూపాలపల్లి అడవి గ్రామాల నుండి వచ్చి, స్కాలర్‌షిప్ కొరకు ఎదురుచూస్తూ గది అద్దెకు వెనుకాడే మన విద్యార్థులకు ఈ పరిస్థితిని విడమరచి చెప్పనవసరం లేదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో స్థాపితమైంది. ఆంగ్లమే విద్య అనుకొనే రోజులలో ఉర్దూ మాధ్యమంలో వైద్యమూ, ఇంజనీరింగూ, తత్వశాస్త్రమూ బోధించిన విద్యాలయమది. ఇందుకొరకు వందలాది గ్రంథాలను అనువదింపజేసిన దారుల్ తర్జుమా అనే సంస్థ ఉండేది. దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమేనని నిరూపించిన ఘనత ఆ విశ్వవిద్యాలయానిది. అయితే ఇంకొక మాట కూడ చెప్పుకొనాలి. సంస్థానంలో దాదాపు సగంమంది మాతృభాష తెలుగు. ఉర్దూ ఇంటిభాష అయిన మఖ్దూం వంటి పేదవానికి తలుపు తెరచిన ఆ విద్యాలయం, తెలుగు తప్ప మరొకటి ఎరుగని రైతుబిడ్డకు గోడగా నిలిచింది. తాను తలుపు గుండా ప్రవేశించినవాడు గోడ అవతలి వారిని తలచుకొనడం అరుదు. మఖ్దూం తలచుకొన్నాడు. అతని గొప్పతనం ఇక్కడ మొదలైందని నా నమ్మకం.

విద్యార్థి మిత్రులు ఆసక్తితో గమనించవలసిన ఘట్టం ఇప్పుడు వస్తుంది. విశ్వవిద్యాలయంలో మఖ్దూంకు పేరు తెచ్చినది గంభీరమైన ఉపన్యాసం కాదు, నవ్వు. 1933 ప్రాంతంలో హాస్టలు మిత్రుని పసుపుపచ్చని శాలువా మీద ఒక హాస్యగీతం అల్లాడు. దాని పేరు పీలా దుషాలా. ఆ గీతం గది నుండి గదికి, హాస్టలు నుండి తరగతికి, అక్కడి నుండి నగరానికి పాకింది. మఖ్దూం ఎక్కడ కనిపించినా దానిని పాడి వినిపించమని చుట్టూ మూగేవారు. గొంతు మంచిది. మనిషి నల్లగా, సాదాసీదాగా ఉండేవాడు. కాని నోరు తెరచిన తరువాత అతని మీదనుండి దృష్టి మరల్చడం ఎవరివల్లా కాదని అతని సమకాలికులు తలచుకొనేవారు. పెద్దయెత్తున నవ్వించగలవాని చుట్టూ కులీనుల బిడ్డలూ, జాగీర్దారుల బిడ్డలూ, పేదవారి బిడ్డలూ అంతా ఒక్కటిగా చేరుతారు. ఉత్సవాలలో, వేదికల మీద జరగని సమాగమం హాస్టలు వరండాలో జరిగింది.

ఆ తరువాత నాటకం వచ్చింది. ఐరిష్ నాటకకర్త బెర్నార్డ్ షా వ్రాసిన విడోయర్స్ హౌసెస్ అనే నాటకాన్ని మిత్రుడు మీర్ హసన్‌తో కలిసి మఖ్దూం ఉర్దూలోకి మలచాడు. పేరు హోష్ కే నాఖున్. మూలంలోని కథ లండను మురికివాడలలో పేదవారికి ఇళ్ళు అద్దెకిచ్చి, ఆ రాబడితో పెద్దమనుషులుగా చెలామణి అయ్యే వారిది. దానిని హైదరాబాదు వేషభాషలలోకి తెచ్చి విద్యార్థులచేత ఆడించాడు. తానూ వేషం కట్టాడు. హైదరాబాదు వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూరు ఆ ప్రదర్శన చూచి ఆనందించి, మఖ్దూంను శాంతినికేతనానికి ఆహ్వానించాడు. చేతిలో చిల్లిగవ్వ లేని విద్యార్థికి అది మామూలు గౌరవం కాదు. ఆ పరిచయపు ఫలితమా అన్నట్లు, 1935లో ఠాగూరు కవిత్వాన్ని గురించి మఖ్దూం ఉర్దూలో ఒక గ్రంథం ప్రకటించాడు. వంగకవిని గూర్చి తెలంగాణ యువకుడు ఉర్దూలో వ్రాయడంలోనే అతని మనోవైశాల్యం తెలుస్తున్నది.

నాటకం ఆడడమంటే ఏమిటో కళాశాల వార్షికోత్సవంలో పాల్గొన్నవారికి తెలుసు. ఒకడు కుర్చీలు మోయాలి. ఒకడు తెర లాగాలి. వేషం దొరకనివాడు అలుగుతాడు. సంభాషణ మరచిపోయినవానిని తిట్టకుండా దిద్దాలి. ఇరవైమందిని నెలరోజులు ఒక పనిమీద నిలపడం ఏ ఎన్నికలో గెలవడం కన్నా కష్టం. మఖ్దూం తరువాతి కాలంలో వేలమంది కార్మికులను ఒకతాటిపై నడిపాడు. ఆ విద్యకు అక్షరాభ్యాసం విశ్వవిద్యాలయపు రంగస్థలం మీదనే జరిగింది.

1934లో బి.ఏ., 1936లో ఉర్దూలో ఎం.ఏ. పూర్తి అయ్యాయి. ఈనాడు మనం ఉస్మానియా అనగానే కళ్ళముందు మెదిలే ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో గాని ప్రారంభం కాలేదు. అంటే ఆ గొప్ప భవనపు మెట్లమీద కూర్చుండే భాగ్యం విద్యార్థిగా అతనికి దక్కలేదు. కళాశాలను కట్టేవి రాళ్ళు మాత్రమే కావని గ్రహించడానికి ఈ చిన్న విషయం చాలు.

చదువు ముగిసినా ఉద్యోగం వెంటనే చేతికందలేదు. కొంతకాలం ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాడు. 1939లో మూసీ ఒడ్డున ఉన్న సిటీ కళాశాలలో ఉర్దూ అధ్యాపకుడుగా చేరాడు. కవి, నటుడు, నవ్వులరాయడు అధ్యాపకుడైతే విద్యార్థులు ఊరకుంటారా! పాఠం తరగతి గదిలో ముగిసేది కాదు. చాయ్ హోటలు దాకా, వారి ఇండ్ల దాకా సాగేది. పాఠ్యగ్రంథంలోని గజలు గురించి మొదలైన మాట స్పెయిను అంతర్యుద్ధం మీదికో, హిట్లరు మీదికో, మన పల్లెలలోని వెట్టిచాకిరి మీదికో మళ్ళేది.

ఆ కాలం అటువంటిది. 1936లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అభ్యుదయ రచయితల సంఘపు తొలి మహాసభ జరిగింది. దాని గాలి హైదరాబాదుకూ వీచింది. సరోజినీ నాయుడు గృహమైన గోల్డెన్ త్రెషోల్డ్‌లో యువకవులూ, రచయితలూ కలుసుకొనేవారు. మఖ్దూం వారిలో ముఖ్యుడు. 1939లో విద్యావంతులైన కొందరు యువకులు కామ్రేడ్స్ అసోసియేషన్ పేరుతో ఒక చిన్న సంఘం పెట్టుకొన్నారు. రాజ్‌బహదూర్ గౌర్ అప్పుడు వైద్య విద్యార్థి. ఆలం ఖుంద్‌మిరీ తత్వశాస్త్రంలో దిట్ట. జవాద్ రజ్వీ వంటివారూ ఉన్నారు. హిందువులు, ముసల్మానులు, ఉర్దూ మాట్లాడేవారు, తెలుగు మాట్లాడేవారు ఆ సంఘంలో కలిసి చదివారు, కలిసి వాదించుకొన్నారు. మతాన్నిబట్టి సంఘాలు చీలిపోతున్న ఆ రోజులలో ఇది సాహసమే. ఇదే కాలంలో ఆంధ్రమహాసభలోని అతివాద యువకులు వేరొక దారిన అదే గమ్యానికి వస్తున్నారు. కొద్దికాలానికే ఈ రెండు పాయలూ కలిసి సంస్థానంలో కమ్యూనిస్టు పార్టీగా రూపొందాయి. పట్టణపు ఉర్దూ విద్యావంతుడూ, పల్లెటూరి తెలుగు రైతు కార్యకర్తా ఒకరినొకరు తెలుసుకొన్న ఘడియ అది. వారిద్దరి మధ్య దుబాసీగా నిలిచిన వారిలో మఖ్దూం అగ్రగణ్యుడు.

ఇక అతని ముందు కఠినమైన ప్రశ్న నిలిచింది. ఇంట్లో భార్యాబిడ్డలు. చేతిలో గౌరవమైన ప్రభుత్వోద్యోగం. మాతృభాషలో పాఠం, ముషాయిరాలలో జేజేలు, పాలకవర్గంలో అభిమానులు. నోరు మూసుకొని ఉంటే ఆచార్య పదవి వరకు ఎదగవచ్చు. నోరు తెరిస్తే జైలు. అతడు ఎక్కువకాలం ఊగిసలాడలేదు. 1940 దశకపు తొలి యేళ్ళలోనే రాజీనామా ఇచ్చి పూర్తికాలపు కార్యకర్త అయినాడు. అధ్యాపక వృత్తిలో ఉన్న నాకు ఈ ఘట్టం చదివినపుడెల్లా మనస్సు కలుక్కుమంటుంది. ఆ రాజీనామా మూల్యాన్ని అతడొక్కడే చెల్లించలేదు. భర్త అజ్ఞాతంలోనో, కారాగారంలోనో ఉండగా సంసారం ఈదిన ఇల్లాలు చెల్లించింది. తండ్రి ముఖం చూడక పెరిగిన పిల్లలు చెల్లించారు. నాయకుని మెడలో దండ వేసేటప్పుడు ఇంటిలోని వారినీ తలచుకొనడం మన ధర్మం.

కార్మికులలో అతని పని మొదలైంది. చార్మినార్ సిగరెట్ కర్మాగారం, గుండీల కర్మాగారం, బట్టల మిల్లులు, నిజాం రైల్వే, ఇంకా ఎన్నోచోట్ల సంఘాలు కట్టాడు. 1946లో అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు యేర్పడగా దానికి అధ్యక్షుడైనాడు. రైల్వే అంటే మనకు పరాయిది కాదు. సికింద్రాబాదు నుండి బెజవాడకు 1889 నాటికి పూర్తయిన ఆ రైలుదారి జనగామ మీదుగా, కాజీపేట మీదుగా, మహబూబాబాద్ మీదుగా పోతుంది. ఆ పట్టాల వెంట గ్యాంగ్‌మన్, పాయింట్స్‌మన్, ఇంజను బొగ్గు విసిరే ఫైర్‌మన్ మొదలైనవారంతా తెలుగువారు, ముసల్మానులు, తమిళులు, మరాఠీలు కలగలిసినవారు. వారికి సంఘం అంటే ఏమిటో చెప్పడానికి కవి పాట ఉపన్యాసం కన్నా బాగా పనిచేసింది. మిల్లు గేటు ముందర కూడ అతడు ముషాయిరాలో వలెనే నిలిచేవాడు. ముషాయిరాలో కూడ మిల్లు గేటును మరచేవాడు కాదు. అతని జంగే ఆజాదీ అనే గీతం ఆ రోజులలో ఊరేగింపులలో మారుమ్రోగింది. మొదటి కవితా సంపుటి సుర్ఖ్ సవేరా 1944లో వెలువడింది. పేరుకు అర్థం ఎర్రని ఉదయమని.

ఆ ఉదయపు కాంతి ఎక్కువగా పడిన నేల మనది. అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖు ఆగడాలకు అంతులేదు. దేవరుప్పుల దగ్గరి కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే పేద ముసల్మాను రైతు తన భూమి కొరకు కోర్టులలో పోరాడి, 1940లో హత్యకు గురి అయినాడు. అతని సమాధి వద్ద హిందువులు, ముసల్మానులు కలిసి నివాళులు అర్పించడం మీలో చాలమంది చూచే ఉంటారు. మా భూమి నాటకానికి ప్రేరణ అతని కథే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను తానే ఇంటికి చేర్చుకొని దొరతనానికి ఎదురు నిలిచింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య గుండు దెబ్బకు నేలకొరిగాడు. అక్కడినుండి పోరాటం పల్లెపల్లెకూ పాకింది. ఈ ఊళ్ళన్నీ నేడు జనగామ జిల్లాలోనే ఉన్నాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆనాటి హైదరాబాదులో ఉర్దూ చదువుకొన్న ముసల్మాను యువకునికి తేలికైన దారి ఒకటి ఉండేది. పాలకుడు ముసల్మాను కనుక రాజ్యం మనది అనుకొనడం. మన అన్న మాటకు మతమే హద్దు అనుకొనడం. బందగీ కథ ఆ హద్దును చెరిపివేస్తుంది. బందగీ ముసల్మాను. అయినా ఆ రాజ్యం అతనిది కాలేదు. అతనికి న్యాయం దొరకలేదు. అతని ఆవేదన కొమరయ్య ఆవేదన, ఐలమ్మ ఆవేదన ఒక్కటే. మఖ్దూం ఈ నిజాన్ని గ్రహించి, మన అన్న మాటను దస్తర్‌ఖానులాగా పొడిగించాడు. తెలంగాణ మీద ఉర్దూలో కవిత వ్రాశాడు. పట్టణంలో కూర్చుండి పల్లె మీద జాలి పడడం కవులకు అలవాటే. ఇతడు జాలితో తృప్తిపడలేదు. పల్లె గెలుస్తుందని నమ్మి, ఆ గెలుపు తనదీ అనుకొన్నాడు.

ఈ దారిన నడిచినవాడు అతడొక్కడే కాడు. మహబూబాబాద్ ప్రాంతంలో 1920లో పుట్టిన షోయబుల్లా ఖాన్ కూడ ఉస్మానియా పట్టభద్రుడే. ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రిక నడిపి, సంస్థానం భారత యూనియన్‌లో చేరాలని నిర్భయంగా వ్రాసి, 1948 ఆగస్టులో కాచిగూడలో రజాకార్ల కత్తులకు బలి అయినాడు. ఇద్దరి రాజకీయాలు వేరు. ఇద్దరూ తమకు దగ్గరి వారి ఆగ్రహాన్ని భరించి నిజం పలికినవారు. పరాయివానికి ఎదురు చెప్పడానికి ధైర్యం చాలు. మనవాళ్ళకు ఎదురు చెప్పడానికి ధైర్యంతోపాటు ప్రేమ కూడ కావాలి.

1946లో పార్టీపై నిషేధం వచ్చిన తరువాత మఖ్దూం అజ్ఞాతవాసంలోకి వెళ్ళాడు. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది. అయినా అతని అజ్ఞాతం ముగియలేదు. పోరాటం కొనసాగించాలా, విరమించాలా అన్న విషయంలో నాయకులలోనే భిన్నాభిప్రాయాలు ఏర్పడ్డాయి. ప్రాణనష్టం అపారమైంది. 1951లో మఖ్దూం పట్టుబడి జైలుకు వెళ్ళాడు. ఆ యేడు అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. ఆ చెరసాలలోనుండి ఖైద్ అనే కవిత వచ్చింది. విడుదల తరువాత 1952 సార్వత్రిక ఎన్నికలలో హైదరాబాదు నగరం నుండి పోటీచేసి ఓడిపోయాడు. అదే యేడు హుజూర్‌నగర్ ఉపయెన్నికలో గెలిచి శాసనసభకు వెళ్ళాడు. సొంత నగరం ఓడించిన ఉర్దూ కవిని తెలుగు రైతులు తమ ప్రతినిధిగా ఎన్నుకొన్నారు. గోడ అవతలివారిని తలచుకొన్నందుకు వారు ఇచ్చిన పట్టా ఇది. ఉస్మానియా ఇచ్చిన రెండు పట్టాలకన్న దీని విలువ తక్కువదని నేను అనుకొనను.

తరువాత కొంతకాలం ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య పనిమీద వియన్నాలో ఉన్నాడు. అనేక దేశాలు తిరిగాడు. ఆంధ్రప్రదేశ్ శాసనమండలి యేర్పడిన తరువాత అందులో సభ్యుడుగా, ప్రతిపక్ష నాయకుడుగా పనిచేశాడు. సభలో అతని చమత్కారానికి పాలకపక్షం వారు కూడ నవ్వేవారు. హాస్టలు వరండాలోని నవ్వు శాసనమండలి వరకు తోడు వచ్చిందన్నమాట.

మఖ్దూం కవిత్వం రాశిలో తక్కువ. సుర్ఖ్ సవేరా తరువాత పదిహేడేళ్ళకు, 1961లో గుల్-ఎ-తర్ వచ్చింది. 1966లో బిసాత్-ఎ-రఖ్స్ వెలువడింది. సాహిత్య అకాడమీ 1969 సంవత్సరానికి ఉర్దూలో ఈ గ్రంథానికే అవార్డు ఇచ్చింది. తొలినాటి ఆవేశం తగ్గి, మలినాటి కవితలలో మార్దవం పెరిగింది. కొన్ని గీతాలు హిందీ చలనచిత్రాలలో చేరి దేశమంతా వినిపించాయి. 1960లో ఉస్నే కహా థా, 1964లో చా చా చా, అతని మరణానంతరం 1982లో బాజార్ అన్న చిత్రాలలోని ఆ గీతాలను ఇప్పటికీ జనం పాడుకొంటారు. పాడుకొనేవారిలో చాలమందికి ఆ కవి మన తెలంగాణవాడన్న సంగతి తెలియదు.

రాజకీయం మఖ్దూంలోని కవిని మింగివేసిందని నిష్ఠూరమాడేవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. సభలకూ, సమ్మెలకూ, జైళ్ళకూ పోయిన యేళ్ళలో ఎన్ని మంచి కవితలు పుట్టకుండానే పోయాయో! ఉద్యమం కొన్ని తప్పులు చేసింది. వాటిలో అతనికీ పాలు ఉన్నది. మన అభిమానం ఈ లోపాలను దాచవలసిన అవసరం లేదు. అయితే ఆ సమ్మెలూ, జైళ్ళూ లేకుంటే ఆ కవితలకు ఆ గొంతు వచ్చేదా అన్న ప్రశ్నకు కూడ నిష్ఠూరమాడేవారు జవాబు చెప్పవలసి ఉంటుంది.

1969 ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో మఖ్దూం మరణించాడు. వయస్సు 61 సంవత్సరాలు. పార్థివ శరీరాన్ని హైదరాబాదు తీసుకొని వచ్చి, దర్గా షా ఖామోష్ శ్మశానవాటికలో ఖననం చేశారు. కవులూ, మంత్రులూ, రిక్షా కార్మికులూ, మిల్లు కూలీలూ, విద్యార్థులూ జనాజా వెంట నడిచారు. హైదరాబాదులో హిమాయత్‌నగర్‌లోని కమ్యూనిస్టు పార్టీ కార్యాలయానికి మఖ్దూం భవన్ అని పేరు. ట్యాంక్‌బండ్ మీద తెలుగు వెలుగులుగా నిలిపిన విగ్రహాలలో ఈ ఉర్దూ కవి విగ్రహమూ ఉన్నది. కవిత ఉర్దూలో వ్రాసినా మనిషి మనవాడేనని తెలుగు జాతి ఒప్పుకొన్నదానికి అది గుర్తు.

విద్యార్థి మిత్రులారా! సన్మానం పొందాలంటే ఏ పుస్తకం చదవాలని అడిగిన ఆ తమ్మునికి ఇప్పుడు నా జవాబు చెప్పగలను. మఖ్దూం విద్యార్థిగా ఉన్న రోజులలో ఎవరో శాలువా కప్పుతారని ఎదురుచూడలేదు. మిత్రుని శాలువా మీద పాట కట్టి హాస్టలునంతా ఒకచోట చేర్చాడు. మసీదులో నీళ్ళు తోడిన చేతులతోనే నాటకానికి తెర కట్టాడు, కార్మికులకు జెండా కట్టాడు. పదవి వచ్చిన తరువాత ప్రజలను వెదుకలేదు. ప్రజలలో ఉండగా పదవులు వచ్చాయి, పోయాయి.

మన కళాశాల ఆవరణలో ఉర్దూ విభాగపు విద్యార్థులు ఒక చెట్టు కింద, తెలుగు విభాగపు విద్యార్థులు ఇంకొక చెట్టు కింద కూర్చుండి మధ్యాహ్నం డబ్బాలు విప్పడం నేను రోజూ చూస్తున్నాను. ఒక చెట్టు కింద బగారా అన్నం వాసన, మరొక చెట్టు కింద జొన్నరొట్టె వాసన. ఆ రెండు చెట్లకు నడుమ దూరం ఇరవై అడుగులకు మించదు. భూపాలపల్లి గనికార్మికుని కొడుకు, మహబూబాబాద్ తండా బిడ్డ, జనగామ బజారులో దుకాణం నడిపే వాని కూతురు, ఇమాం సాబ్ కుమారుడు ఒకచోట కూర్చుండి డబ్బాలు మార్చుకొన్న రోజున, అందుకు ముందుగా లేచి నడిచిన విద్యార్థి ఎవరో వానికి వచ్చే యేడు శాలువా కప్పవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి. ఆ విద్యార్థి పేరు మనలో ఎవరికీ గుర్తు లేకపోయినా నష్టం లేదు. దస్తర్‌ఖాను మాత్రం ఆ ఇరవై అడుగులు పొడవు పెరిగితే చాలు.